చెయ్యెత్తితే ఆగే బండి

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి రాస్తున్నాను. రోడ్డు పక్కన జనం చేతులెత్తి నిలబడి ఉంటే, బస్సు ఆగకుండా వెళ్ళిపోయినప్పుడు నా మనసుకు ఎంతో నెమ్మదిగా ఉంటుంది. నిన్న కూడా అదే జరిగింది. సెలవులకు జమ్మలమడుగు పోదామని పులివెందుల ఊరి బయట పెట్టె పట్టుకొని నిలబడ్డాను. గండి గుడికి పోయి పిల్లవాడికి గుండు చేయించుకొని వస్తున్న ఒక కుటుంబం, ఒక శెనగకాయల వ్యాపారి నా పక్కన ఉన్నారు. బస్సు వచ్చింది. అందరూ చేతులెత్తారు. డ్రైవరు మమ్మల్ని చూసి కూడా దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు. వ్యాపారి తుండుగుడ్డ విదిలించి, "వీని బండికి బ్రేకులు ల్యావా, వీనికి కండ్లు ల్యావా!" అని తిట్టాడు. పిల్లవాడి తల్లి "ఇంగ ఈ పొద్దు ఈడే" అంటూ కూలబడింది. నేను కొంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ, పోనీలే, ఆగలేదు, పోయాడు, అనుకున్నాను. నేను చెయ్యెత్తలేదు. ఎప్పుడూ ఎత్తను. సిగ్గు వల్ల అనుకుంటారు అందరూ. నాకు సిగ్గు ఉన్నమాట నిజమే. బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా వెనక గోడను చూస్తూ చెబుతాను. కానీ చెయ్యెత్తకపోవడానికి కారణం అది కాదు.

మా నాయన బస్సు డ్రైవరు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట. పొద్దున ప్రొద్దుటూరులో బయల్దేరి, జమ్మలమడుగు మీదుగా వచ్చి, పెన్న దాటి, ముద్దనూరు మీద పులివెందుల చేరుకొని, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చే బస్సు అది. ముక్కు ముందుకు పొడుచుకొని వచ్చిన పాత బండి. ముందర ఇనుప కడ్డీ పెట్టి తిప్పితే తప్ప లేచేది కాదు. చలికాలంలో అయితే దాన్ని లేపడానికి ఎక్కవలసిన వాళ్ళంతా ఒక చెయ్యి వెయ్యాల్సిందే. దాని హారను రబ్బరు బుడ్డి. జమ్మలమడుగులో మా ఇంటి సందు మొగలో నాయన దాన్ని నొక్కితే ఎనుము దూడ అరిచినట్టు ఉండేది. అది విని మా అమ్మ పొయ్యి మీద సంగటికి ఎసరు పెట్టేది. బస్సు లోపల చింతపండు, బీడీపొగ, మేకలు, మల్లెపూలు అన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఆ వాసనే మా నాయన చొక్కాకూ ఉండేది. చాలాకాలం వరకు నాయనలందరి చొక్కాలూ అట్లాగే ఉంటాయనుకున్నాను.

నా చదువు పిచ్చికి ఆ బస్సే ఆధారం. నాయనకు ఊళ్ళ పేర్లున్న బోర్డు చదివేంత అక్షరజ్ఞానమే ఉండేది. అయినా ప్రొద్దుటూరు లైబ్రరీకి పోయి, అక్కడి ఆయనతో "లావుది ఇయ్యప్పా. సన్నది ఇస్తే మా పాప రెండు పూటల్లో మింగేస్తాది" అనేవాడట. ఆ లావు పుస్తకం పానాల పెట్టెలో, స్పానర్ల మధ్య, గోనెగుడ్డ చుట్టుకొని మా ఇంటికి వచ్చేది. నేను మిద్దె మీద కూర్చొని చదివిన పుస్తకాలన్నిటికీ ఏదో ఒక మూల గ్రీజు వేలిముద్ర ఉండేది. ఏ నవలలో ఏం జరిగిందో ఇప్పుడు సగం మరిచిపోయాను. వేలిముద్రలు మాత్రం గుర్తున్నాయి.

నాయనకు డ్రైవరుగా ఒకటే ధర్మం. చెయ్యెత్తితే ఆపాల. చేను గట్టు మీద నుంచి ఎత్తినా, అర మైలు దూరంలో పరుగెత్తుతూ ఎత్తినా ఆపేవాడు. కండక్టరు నెత్తి కొట్టుకొనేవాడు. "ఇట్ల చెట్టుకొకసారి, పుట్టకొకసారి ఆపుతాంటే పులివెందులకు రేపు పోతాం అప్పా" అనేవాడు. "రేపు పోతే పులివెందుల యాడికీ పోదులే. ఎండలో నిలబడిన మనిషి మాత్రం పోతాడు" అనేవాడు నాయన. పెన్న ఇసుకలో కూడా ఆపేవాడు. అప్పట్లో అక్కడ వంతెన లేదు. వానలు తగ్గి నీళ్ళు ఒక పాయగా సన్నబడ్డాక, ఇసుక మీద జమ్ముగడ్డి పరిచి, మట్టి కొట్టి బాట వేసేవాళ్ళు. బస్సు దానిమీద పోతుంటే పరుపు మీద నడిచినట్టు మెత్తగా ఊగేది. కూరుకుపోతే అందరూ దిగి, చీరలు చెక్కుకొని, నవ్వుకుంటూ తోసేవాళ్ళు. ఏటి గట్టు పల్లె నుంచి ఆకుకూరల గంపతో వచ్చే ఒక అవ్వ ఎప్పుడూ ఆ ఇసుక మధ్యనే చెయ్యెత్తేది. గట్టు దాకా నడవడం ఎందుకు, నా కొడుకు ఆపుతాడు కదా అని ఆమె ధీమా. నాయన ఆపేవాడు. ఆమె ఎక్కి, ఇంజను పక్కన గంప దించి, ఒక గోంగూర కట్ట ఆయన ఒళ్ళో పడేసేది. మా ఇంట్లో గోంగూర అంటే నాకు విసుగు పుట్టడానికి ఆ అవ్వే కారణం.

ఇంకొక సంగతి చెప్పాలి. నాయన బండిని చెవితో నడిపేవాడు. ఇంజను చప్పుడు ఒక్కటే కాదు, వెనక జనం మాటలు కూడా వినేవాడు. "ఎనక మాటలు సాగుతాండాయంటే బండి బాగుందని. ఉన్నట్టుండి అందురూ మాట ఆపినారంటే బండి ఒక పక్కకు ఒరుగుతాందని. నాకంటే ముందు వాళ్ళ ఒంటికి తెలుస్తాది" అని చెప్పేవాడు. కోడి ధర గురించి, కోడలి గురించి, పడని వాన గురించి వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆ సొద మీద చెయ్యి వేసినట్టు ఆయన స్టీరింగు పట్టుకొనేవాడు.

అలాంటి మనిషి బస్సు ఎందుకు వదిలాడంటే, ఒక నవ్వు వల్ల. ముద్దనూరులో టీ అంగడి దగ్గర నాపరాళ్ళు తోలే లారీలు ఆగేవి. ఆ డ్రైవర్లు నాయన బస్సు వచ్చి నిలవగానే "ఏమప్పా, కోడిపిల్లల గంప తెచ్చినావా?" అని నవ్వేవాళ్ళు. నాయన కూడా నవ్వేవాడు. ఏళ్ళ తరబడి నవ్వాడు. ఒకరోజు ఏటి అవతలి గనుల షావుకారు కొత్త డీజిలు లారీ తెచ్చి, దానికి నమ్మకమైన డ్రైవరు కావాలని అదే అంగడిలో అడిగాడు. ఎవరో వేళాకోళానికి మా నాయనను చూపించారు. మళ్ళీ నవ్వులు. నాయన టీ గ్లాసు కింద పెట్టి "నేను తోల్తా" అన్నాడు. పెద్ద బండ్ల లైసెన్సు ఆయన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఎప్పుడూ దాన్ని బయటికి తీసింది లేదు.

అమ్మ ఆ రాత్రి అన్నం పెట్టలేదు, గిన్నె ముందుకు తోసింది. "నెల పుడితే జీతం, పొద్దు మునిగితే ఇల్లు. ఏం తక్కువైందని? బస్సులో మనుషులుంటారు, పలకరిస్తారు. రాళ్ళతో ఏం మాట్లాడతావు నువ్వు?"

"రాళ్ళు టికెట్టు ఎగ్గొట్టవు లే" అన్నాడు నాయన.

అమ్మకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. పొగరు తలకెక్కిందని మాత్రం అంది. చుట్టాలూ, వీధిలో వాళ్ళూ అదే అన్నారు. అది పొగరు కాదని నాకు తెలుసు. లారీని గండికి తీసుకుపోయి ఆంజనేయస్వామి ముందు నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన రోజు, సందు మొగలో దాన్ని నిలిపి, నన్ను చూడటానికి రమ్మన్నాడు. ఎక్కి కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి మా వీధి చిన్నపిల్లలు ముగ్గుతో గీసిన గీతలా ఉంది. రంగు వాసన, పసుపు కుంకుమల వాసన. నాయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. తరవాత నా వైపు చూడకుండా, "ఎనక ఏమీ ఇనపడదు మ్మా ఇందులో" అన్నాడు. "భయమైతే వద్దులే నాయనా" అన్నాను. "పది మందిలో తోల్తానంటి గదా" అన్నాడు. ఆయన భయపడడం నేను అంతకు ముందు చూడలేదు. నాతో తప్ప ఇంకెవరితోనూ ఆ మాట అనలేదు.

నేను కాకుండా ఇంకొకరు దాన్ని చెప్పకుండానే కనిపెట్టారు. లారీ మీద మేస్త్రీగా ఒక సాయిబు ఉండేవాడు. టైర్లు, జాకీలు, లోడు కట్టడం ఆయన పని. గడ్డమంతా నెరిసినా బండ మీద నుంచి బండ మీదికి మేకలా దూకేవాడు. మొదటిరోజే నాయనతో "ఎనక ఏముందో నేను చూస్తా భాయ్, నువ్వు ముందర చూడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అన్నాడట. లారీ నడుస్తున్నంతసేపూ వెనక బండల పక్కన కూర్చొని పెద్ద గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. నాయనకు వినపడాలని. తన పెండ్లి సంగతి, పీర్ల పండగలో తన తమ్ముడు నిప్పుల గుండంలో చెప్పు పోగొట్టుకున్న సంగతి, అన్నీ. ఆ మాటల మీద నాయన లారీని కుదురుగా నడిపాడు. ఇంట్లో కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఇక కోడిపిల్లల గంప అనేవాళ్ళు లేరు. సాయిబు నేర్పిన వాటిల్లో ఒకటి నాయన ఇంట్లో కూడా రెండు మూడుసార్లు చెప్పాడు, తనకు తాను వల్లె వేసుకుంటున్నట్టు. "లోడుతో ఏట్లో దిగినంక దేవుడు చెయ్యెత్తినా ఆపొద్దు. దాటినంక దిగి దండం పెట్టుకో." బస్సు కూరుకుంటే జనం దిగితే తేలికవుతుంది. బండలు దిగవు కదా.

ఆ ఏడు పైన ఎక్కడో వానలు ముందే పడ్డాయి. ఏట్లో నీళ్ళు ఇంకా రాలేదు గానీ ఇసుక కింద చెమ్మ ఊరి, జమ్ము బాట మెత్తబడింది. అప్పటికీ లారీలు పోతూనే ఉన్నాయి. మధ్యాహ్నం వేళ నాయన లారీ నిండు లోడుతో ఇసుకలో దిగింది. సాయిబు వెనక ఉన్నాడు. బాట మధ్యలో, ఎప్పుడూ ఉండే చోటనే, ఆకుకూరల అవ్వ చెయ్యెత్తింది.

ఆపాడు.

ఏం జరిగిందో అవ్వే మా గడపలో కూర్చొని చెప్పింది. గంప లేకుండా ఆమెను చూడటం నాకు అదే మొదటిసారి. "లారీ ఎక్కుదామని గాదు తల్లీ. నేను ఎందుకు ఎక్కుతా రాళ్ళ బండి? ఆయప్ప మొగం కనపడింది, అలవాటున చెయ్యెత్తినా. ఆయప్ప అలవాటున ఆపినాడు. ఆపినంక ఇద్దరం ఒకరి మొగం ఒకరు సూసుకున్యాం. అప్పటికే చక్రం దిగిపోతాంది." సాయిబు తిట్టలేదట. దూకి, జాకీ, చెక్కముక్కలు తీసుకొని వెనక చక్రం దగ్గరికి పోయాడు. ఇసుక తోడి, చెక్క దోపి, "మెల్లగా కదిలించు భాయ్" అని కేక వేశాడు. నాయన కదిలించాడు. లారీ లేవలేదు, ఆ పక్కకే ఒరిగింది. నిలువుగా పేర్చిన బండలు కట్లు తెంచుకొని ఒకదాని వెనక ఒకటి జారాయి. సాయిబు మాట అంతటితో ఆగిపోయింది.

ఎనక ఏమీ ఇనపడదు అన్నాడు కదా నాయన. ఆ రోజు మాత్రం వినపడింది.

బండలు తీయడానికి ఊళ్ళో జనమంతా ఏట్లోకి పోయారు. నేను పోలేదు, అమ్మ పంపలేదు. నా డైరీలో ఆ రోజుకు ఎదురుగా "మబ్బు" అని మాత్రమే రాసి ఉంది. షావుకారు నాయనను ఒక్క మాట అనలేదు. బండి అన్నాక ఒరుగుతుంది అన్నాడు. సాయిబు ఇంటికి నాయన ఒకసారి పోయాడు. పోయి గడప బయటే నిలబడ్డాడు. సాయిబు భార్య లోపలి నుంచి ఎవరి చేతనో గ్లాసుతో నీళ్ళు పంపింది. తిట్టి ఉంటే ఏడ్చేవాడేమో. ఆ నీళ్ళు తాగలేక, కింద పెట్టలేక, గ్లాసు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడని వెంట పోయిన అమ్మ చెప్పింది. మా ఇంటికి వచ్చాక కూడా కుడిచెయ్యి గ్లాసు పట్టుకున్నట్టే ముడుచుకొని ఉంది.

కొన్నాళ్ళకు పాత బస్సు యజమాని కబురు పంపాడు, నీ సీటు నీదే, వచ్చి కూర్చో అని. అమ్మ ఆ రోజు ఇల్లంతా కడిగింది. దేవుడు మళ్ళీ తలుపు తీశాడంది. ఖాకీ చొక్కా తనే ఉతికి, సంగటి మూట కట్టి, నన్ను కూడా తోడు పొమ్మంది. "ఊరికే ఎనక కూచో. నిన్ను చూసుకుంటా పోతాడు." నాకు అర్థమైంది. ఆ రోజు ఆయన నడిపితే నడిపినట్టు. లేకపోతే మా నాయన ఇక మాకు లేనట్టే.

జమ్మలమడుగు దాకా వేరే డ్రైవరు తెచ్చి నాయనకు అప్పగించాడు. నేను ఎక్కినప్పుడు బస్సు నిండుగా ఉంది. నాయన స్టీరింగు ముందు తల కిందికి వంచి కూర్చున్నాడు. అందరికీ ఆయన తెలుసు. అందరికీ జరిగింది తెలుసు. నొప్పించకూడదని కాబోలు ఎవరూ మాట్లాడలేదు. చావు ఇంటి ముందు కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. కోడి ధర లేదు, కోడలు లేదు, వాన లేదు. ఆ నిశ్శబ్దం ఆయన వీపు మీద ఎట్లా పడుతున్నదో ఆ బస్సులో నాకొక్కదానికే తెలుసు. మాట్లాడండి, ఎవరైనా ఏదైనా మాట్లాడండి అని అరవాలనిపించింది. అరవలేక, పక్కనున్నామెను వక్కాకు ఉందా అని అడిగాను, నేను ఎప్పుడూ వక్కాకు వేయను. ఆమె లేదని తల ఊపింది, పెదవి కదపకుండా.

ఊరి చివర ఒకాయన చెయ్యెత్తాడు. బస్సు ఆగలేదు. కండక్టరు "అప్పా, మనిషి" అన్నాడు. చింతతోపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యెత్తారు. ఆగలేదు. వాళ్ళు వెనక నుంచి కేకలు వేస్తూ పరుగెత్తారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు. నాయన మెడ మీద నరం ఉబ్బి కనపడుతూ ఉంది. చేతులు కాదు, కాలే ఆయన మాట వినడం లేదని నాకు అనిపించింది. ఏరు వచ్చింది. కొత్తగా జమ్ము పరిచారు, అది ఇంకా పచ్చిగా ఉంది. బాట పక్కన అవ్వ గంపతో నడిచి వస్తున్నది. బస్సును చూసింది. చూసి, తల మీది గంపను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, ముఖం ఏటి వైపు తిప్పుకొని నిలబడింది. ఒక్క వేలు కూడా లేపలేదు. మేము ఆమెను దాటి పోయాము. ఆమె ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఏ బస్సుకూ చెయ్యెత్తలేదు. గంప మోసుకొని ఎంత దూరమైనా నడిచే పోయేది.

గట్టెక్కాక, మనిషీ లేని, చేనూ లేని ఒక బీడు దగ్గర నాయన బస్సు ఆపాడు. ఎవరూ చెయ్యెత్తని చోట ఆయన బస్సు ఆపడం అదే మొదటిసారి. ఇంజను కట్టేసి, దిగి, రోడ్డు పక్కన గులకరాళ్ళ మీద కూర్చున్నాడు. కండక్టరు దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు చేతగాదబ్బా" అన్నాడు నాయన. "ఆపగూడని తావ ఆపితి. ఆపాల్సిన తావ కాలు రాల్యా. ఇంగేం డ్రైవర్ని?"

ఆ తరవాత ఆయన ఏ బండీ ఎక్కలేదు, నడపడానికి గానీ కూర్చోవడానికి గానీ. అరుగు మీద కూర్చొనేవాడు. అమ్మ కుట్టుపని పట్టింది. పుస్తకాలు రావడం ఆగిపోయింది, నేనూ అడగలేదు. పెరట్లో తీగ మీద చీర ఆరవేయడానికి అమ్మ చెయ్యి పైకెత్తితే, అరుగు మీద నాయన కుడికాలు నేలను నొక్కేది. అది చూసి అమ్మ చీరలు మిద్దె మీద ఆరవేయడం మొదలుపెట్టింది.

నాకు పులివెందుల బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాయన పెట్టె మోసుకొని బస్టాండుకు కాదు, ఊరి బయట రోడ్డు దాకా వచ్చాడు. బస్టాండులో అందరూ పలకరిస్తారని. ఎండ అప్పుడే కాస్తున్నది. చాలా ఏళ్ళ తరవాత మేమిద్దరమే ఉన్నాము. చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. నీ తప్పు లేదు నాయనా, అవ్వ తప్పు లేదు అని ఒక వాక్యం కూడా మనసులో దిద్దుకొని పెట్టుకున్నాను. పుస్తకాలలో అయితే అలాంటి వాక్యాలు చెబుతారు. దూరంగా దుమ్ము లేచింది. ఆయన తోలిన బస్సే. దానికి కొత్త రంగు వేశారు. ఆలోచించకుండా నేను చెయ్యెత్తాను.

డ్రైవరు దూరం నుంచే చూసినట్టున్నాడు, బస్సు ఆగింది, ఎక్కాను, కిటికీలోంచి చూసేసరికి ఆయన ఊరి వైపు తిరిగి నడుస్తున్నాడు. నేను తొలి జీతం తీసుకొని ఇంటికి రాకముందే జ్వరం ఆయనను తీసుకుపోయింది. కాలం కూడా ఎవరు చెయ్యెత్తినా ఆగని బండే. అది ఆగదని తెలిసినప్పుడల్లా నాకు ఆ ఎండ, ఆ దుమ్ము గుర్తొస్తాయి. బస్సు ఇంకా దూరంలో ఉండగానే నాయన నా మోచెయ్యి పట్టుకొని మెల్లగా కిందికి దించాడు. అప్పుడు అన్న మాటే ఆయన నాతో అన్న ఆఖరి మాట.

"చెయ్యి దించు మ్మా. వాని దారిన వాన్ని పోనీ."